మాస్టారి పెరట్లో ఫ్యాక్టరీ

ఆ రోజు ఉదయం ప్రవీణ్ కుమార్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్నానం, అత్తగారి చేతి పెసరట్టు, పదకొండింటికి వీడియో కాల్, ఆ తర్వాత రొయ్యల ఇగురుతో భోజనం. వీటిలో కష్టమైనది వీడియో కాల్ ఒక్కటేనని అతను అనుకున్నాడు.

ప్రవీణ్ హైదరాబాదులో ఒక డిజైన్ కంపెనీలో ఇంజనీరు. పెద్ద పెద్ద రసాయన కర్మాగారాలను నేల మీద కట్టేముందు కాగితం మీద కట్టి చూడడం వాళ్ళ పని. ఏ ట్యాంకు ఎక్కడుండాలి, కింద నేల ఎంత బరువు మోస్తుంది, తుఫానొస్తే నీళ్ళు ఎంత ఎత్తుకు లేస్తాయి, వాడిన నీళ్ళను శుద్ధి చేసి ఎటు వదలాలి, ఇవన్నీ ఒక్క ఇటుక పడకముందే తేల్చాలి. ఆ తొలి దశ డిజైన్‌కు ఎంతవుతుందో లెక్క కట్టి యజమానుల్ని ఒప్పించడం ప్రవీణ్ వంతు. చిక్కేమిటంటే, ఆ డబ్బు ఖర్చు పెట్టాక యజమానికి చూసుకోవడానికి ఏమీ కనబడదు. గోడ ఉండదు, గొట్టం ఉండదు, కట్టలకొద్దీ కాగితాలు మాత్రం ఉంటాయి. అందుకే పొదుపు చెయ్యాలన్న బుద్ధి ఎవరికి పుట్టినా మొదటి కత్తెర అక్కడే పడుతుంది.

ఇప్పుడు ఆ బుద్ధి పుట్టింది బొంబాయిలో ఉంటున్న విజయ్ కుమార్ గారికి. ఆయన కంపెనీ ఒడిశా తీరంలో, తెలుగువాళ్ళే ఎక్కువగా ఉండే చోట, తొమ్మిది వందల కోట్లతో ఒక రసాయన ఫ్యాక్టరీ తలపెట్టింది. తొలి దశ డిజైన్‌కు ప్రవీణ్ పద్దెనిమిది కోట్లు అడిగాడు. ఆయన ఆరు చాలంటున్నారు. ఆ సంగతి ఇవాళ కాల్‌లో తేలిపోవాలి.

ప్రవీణ్ మాత్రం రాజోలు పక్కన అత్తగారి ఊళ్ళో ఉన్నాడు. మామగారు సాలమోను మాస్టారికి కంటి శుక్లం తీశారని భార్య రెబెకా సెలవు పెట్టి పుట్టింటికి వస్తే, అతనూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెంట వచ్చేశాడు. ముప్పై ఏళ్ళు ఆ ఊరి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఇప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వసారాలో వాలుకుర్చీలో కూర్చుని, కనబడని లోకాన్ని రేడియోలో వింటున్నారు.

పెసరట్టు సగంలో ఉండగా హైదరాబాదు నుంచి బాస్ రాజేంద్రప్రసాద్ గారి ఫోన్ వచ్చింది. ఆ ఇంట్లో వైఫై ఉంది గానీ, ఫోన్ సిగ్నల్ సరిగా దొరికేది వీధి గోడ మూల ఒక్కచోటే. ప్రవీణ్ ఎంగిలి చేత్తోనే అక్కడికి పరిగెత్తాడు.

"ఒకవేళ ఆరుకే ఒప్పుకోవలసి వస్తే ఏమేం తీసేస్తావో ఇప్పుడే చెప్పు" అన్నారు బాస్. "మట్టి పరీక్షలు తీసేద్దామా?"

"అదెలా కుదురుద్ది సార్!" అని ప్రవీణ్ అరిచాడు. సిగ్నల్ పలచగా ఉన్నచోట అరిస్తే అవతలివాళ్ళకు బాగా వినిపిస్తుందని అతనికి నమ్మకం. "స్థలం ఖాయమైపోయింది కదా! నాలుగు వందల ఎకరాలు! మట్టి పరీక్షలు వెంటనే మొదలెట్టాల్సిందే... లేదు సార్, రసాయనాల నీళ్ళు ఎటు పోతాయో తేలాలి. పక్కనంతా రొయ్యల చెరువులు! రేపు ఆ రొయ్యలన్నీ తెల్లారేసరికి తేలిపోతే ఎవరు పూచీ?... ఏంటి సార్, జనంతో మాట్లాడే పద్దు కూడా కొట్టేయాలా? అంటే వాళ్ళకొక్క ముక్క చెప్పకుండా కట్టేద్దామనా?"

గోడకు అవతల ధనరాజు మోటారుసైకిలు కడుగుతున్నాడు. అతనికి ఊరి చివర రెండు రొయ్యల చెరువులున్నాయి. 'రొయ్యలు తేలిపోవడం' అన్న మాట చెవిన పడగానే అతని చేతిలోని గుడ్డ జారి బకెట్లో పడింది. మిగతా సంభాషణ అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. ఒక పక్క మాత్రమే విన్నాడు. ఒడిశా అన్న మాట ఆ పక్కన లేదు.

ప్రవీణ్ లోపలికి వెళ్ళగానే ధనరాజు గేటు తీసుకుని వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు. అతను ఒకప్పుడు ఆయన శిష్యుడే.

"మాస్టారూ, అల్లుడుగారు మంచి పని మీదున్నట్టున్నారండీ."

"ఆయ్. పెద్ద ఫ్యాక్టరీరా" అన్నారు మాస్టారు రేడియో తగ్గిస్తూ. "తొమ్మిది వందల కోట్లు. అదంతా మావాడి చేతిమీద జరగాల్సిందే."

"ఎక్కడండీ అది?"

మాస్టారికి తెలియదు. అల్లుణ్ణి ఎప్పుడూ అడగలేదు. కానీ పాత శిష్యుడు ప్రశ్న వేశాక తెలియదనడానికి ఆయనకు నోరు రాలేదు. పొద్దుట ఫోన్లో ఎక్కడో సముద్రం అన్న మాట విన్న గుర్తు.

"సముద్రం వార" అన్నారు గంభీరంగా.

"మరి... చెరువులండీ?"

ఫ్యాక్టరీ అన్నాక నీటి చెరువులు ఉండకపోతాయా అనుకున్నారు మాస్టారు. "చెరువులూ అందులోకే వస్తాయిరా. నువ్వేం కంగారుపడకు, అన్నీ మావాడు చూసుకుంటాడు."

ధనరాజు కంగారుపడకుండా ఉండేవాడేమో గానీ, వీధిలోకి అడుగు పెట్టేసరికి ఎదురుగా ఒక పెద్ద లారీ ఆగి ఉంది. దాని మీద నిలువెత్తు యంత్రం, ఇనప గొట్టాలు. డ్రైవరు తల బయటపెట్టి, "సాలమోను మాస్టారి ఇల్లిదేనాండీ? పెరట్లో నేలలోకి గొట్టం దింపాలండీ" అన్నాడు.

అది బోరు లారీ. మాస్టారి ఇంటి బావి నీళ్ళు ఉప్పగా మారాయని ఆయన భార్య లీలావతి గారు కొత్త బోరు వేయించమని పోరుతున్నారు. సోమవారం వస్తామన్నవాళ్ళు, సోమవారం వానలంటున్నారని శుక్రవారమే వచ్చేశారు. ఈ సంగతి ధనరాజుకు ఎవరూ చెప్పలేదు. అతనికి తెలిసిందల్లా, మట్టి పరీక్షలు వెంటనే మొదలెట్టాలని అల్లుడుగారు ఫోన్లో అరిచిన కాసేపటికే యంత్రం దిగిందని. పనులు ఇంత జోరుగా సాగడం అతను ఆ జిల్లాలో ఎన్నడూ చూడలేదు.

ధనరాజు భార్య దుర్గాదేవి ఆ ఊరి మహిళా సంఘాలన్నిటికీ నాయకురాలు. ఆవిడ ఫోన్లో పదకొండు గ్రూపులున్నాయి. మొగుడు చెప్పింది చెప్పినట్టే ఆవిడ గ్రూపుల్లో పెట్టింది. అవతలివాళ్ళు మాత్రం అలా ఉంచలేదు. రెండో వీధికి వెళ్ళేసరికి ఫ్యాక్టరీ సముద్రం వార నుంచి ఊరి చివరికి జరిగింది. మూడో వీధిలో చెరువులన్నీ పూడ్చేస్తున్నారు. రేవు దాకా వెళ్ళేసరికి, పెరడు ఆఫీసుకిచ్చినందుకు మాస్టారికి ఎకరానికింతని ముడుతోందన్నారు. ఆ చివరి మాట తిరిగి తన చెవిన పడినప్పుడు ధనరాజు మాస్టారి గేటు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

ఇక్కడ ఇంట్లో యంత్రం మొదలైంది. వంటింట్లో గిన్నెలు వాటంతటవే జరుగుతున్నాయి. ప్రవీణ్ పెరట్లోకి పరిగెత్తాడు.

"బాబ్బాబూ, ఒక్క పన్నెండింటి దాకా ఆపండి! నాకు ముఖ్యమైన కాల్ ఉంది!"

"ఇప్పుడాపితే గొట్టం లోపల బిగుసుకుపోద్దండీ" అన్నాడు బోరు మేస్త్రి సానుభూతిగా. "తర్వాత మీదీ కాదు, మాదీ కాదు."

ప్రవీణ్ లాప్‌టాప్ ఎత్తుకుని పెరటి వైపు గదిలోంచి వీధి గదిలోకి మారాడు. తలుపులు మూశాడు. రెబెకా కిటికీలకు దుప్పట్లు కడుతోంది. ఇంతలో గుమ్మంలో ఒక పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. చేతిలో అరటి గెల.

"నమస్కారమండీ అల్లుడుగారూ. నా పేరు శ్యామ్ బాబండీ. అమలాపురం నుంచి ఇటు సముద్రం దాకా స్థలాల వ్యవహారాలన్నీ మన ద్వారానేనండీ." గెల కిందపెట్టి, పెరటి వైపు నుంచి వస్తున్న మోతకు చెవి ఒగ్గి, గొంతు తగ్గించాడు. "ఎంత దాకా వెళ్దామనుకుంటున్నారండీ?"

ప్రవీణ్ అతన్ని బోరు తాలూకు మనిషనుకున్నాడు. "నూటయాభై దాకా అనుకున్నామండీ. మంచిది తగలకపోతే రెండొందలు."

శ్యామ్ బాబు ఎకరానికి లక్షల్లో ఆలోచించి తడబడ్డాడు. "రెండొందలాండీ! మరి... పనెప్పటికి పూర్తవుద్దండీ?"

"సాయంత్రానికల్లా అయిపోవాలండీ. రేపు ఉదయం నీళ్ళు వదిలేస్తారు."

శ్యామ్ బాబు గెల అక్కడే వదిలేసి బయటికి వచ్చాడు. వీధిలో అప్పటికే ముప్పై నలభై మంది చేరి ఉన్నారు. అయ్యప్ప అనే పడవ యజమాని ఎక్కణ్ణుంచో టెంటు తెప్పించి గుంజలు పాతిస్తున్నాడు. శ్యామ్ బాబు మొహం చూసి దుర్గాదేవి, "ఏవన్నారండీ?" అని అడిగింది.

"సాయంత్రానికి పని అయిపోద్దంటమ్మా" అన్నాడతను. "రేపు పొద్దున్నే నీళ్ళు వదిలేత్తారంట."

టెంటు గుంజలు పాతేవాళ్ళు పని ఆపేశారు. ఇక కూర్చుని నిరసన తెలిపే వ్యవధి లేదని అందరికీ అర్థమైంది.

లోపల కాల్ మొదలైంది. తెర మీద ఒక గడిలో విజయ్ కుమార్ గారు, ఇంకో గడిలో రాజేంద్రప్రసాద్ గారు. విజయ్ కుమార్ గారు తెలుగువారే. డబ్బు విషయాలు మాతృభాషలో మాట్లాడితే మొహమాటం ఉండదని ఆయన అభిప్రాయం.

"కాగితాలకి పద్దెనిమిది కోట్లేంటయ్యా? ఆ డబ్బుతో ఒక ట్యాంకు లేచిపోతుంది."

"లేస్తుంది సార్" అన్నాడు ప్రవీణ్. "కిందటిసారి మేం చేసిన ఒకచోట అలాగే లేపారు. మట్టి పరీక్షలకి డబ్బు దండగన్నారు. ఏడాది తిరిగేసరికి ట్యాంకు ఒక పక్కకి ఒరిగింది. దాన్ని నిలబెట్టడానికి పెట్టిన డబ్బుతో అలాంటి పరీక్షలు పది ఫ్యాక్టరీలకి చెయ్యొచ్చు. మొత్తం ఖర్చులో ఇది నూటికి రెండు రూపాయలు సార్. ఇప్పుడు గీత తప్పైతే రబ్బరుతో చెరపొచ్చు. కాంక్రీటు పోశాక చెరపలేం."

విజయ్ కుమార్ గారికి నచ్చినట్టే ఉంది. కానీ వెంటనే ఆయన వేలు అంచనా కాగితంలోని కింది వరుసల మీదికి పోయింది.

"సరే, మట్టి సంగతి తర్వాత చూద్దాం. ఇదేమిటి, 'స్థానికులతో సంప్రదింపులు' అని? మీరు ఇంజనీర్లా, పెళ్ళి మధ్యవర్తులా? ఇది కొట్టేయండి. కొట్టేస్తే మిగతావి కూడా..."

"ఫ్యాక్టరీ వద్దు!" అన్న కేక కిటికీకి కట్టిన దుప్పట్లోంచి దూసుకొచ్చింది.

"ఏమిటది?" అన్నారు విజయ్ కుమార్ గారు.

"టీవీ అనుకుంటానండీ" అన్నాడు ప్రవీణ్.

"రొయ్యలు మావి! చెరువులు మావి!" అంది టీవీ.

బయట గుమ్మంలో రెబెకా చేతులు అడ్డంపెట్టి, "పిన్నిగారూ, ఒక్క అరగంట ఆగండి, కాల్ అయిపోద్ది" అని బతిమాలుతోంది. అరగంటలో కాల్‌తో పాటు చెరువులూ అయిపోతాయని దుర్గాదేవి భయం. ఆవిడ రెబెకా చెయ్యి కిందినుంచి వంగి లోపలికి వచ్చేసింది. ఆవిడ వెనక పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మొగవాళ్ళు, అందరి వెనక అరటి గెల ఎవరు తీసుకెళ్ళిపోతారోనని శ్యామ్ బాబు. గది నిండిపోయింది. కెమెరాలో ప్రవీణ్ మొహం చుట్టూ పాతిక మొహాలు తేలాయి.

తెర మీద విజయ్ కుమార్ గారి మొహం పాలిపోయింది.

"అప్పుడే తెలిసిపోయిందా వీళ్ళకి?" అన్నారు గుసగుసగా. "ప్రవీణ్, నువ్వు మన సైటు దగ్గరున్నావా? ఎవరు చెప్పారు వీళ్ళకి? ఇంకా ప్రకటనైనా ఇవ్వలేదే! చూడు, వాళ్ళని శాంతింపజెయ్యి. ఏ సర్వే కావాలంటే ఆ సర్వే చేయిద్దాం. పద్దెనిమిది ఏంటి, ఇంకా కావాలంటే అడుగు!"

ప్రవీణ్ చేతిలో ఫోన్ గుర్రుమంది. బాస్ దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్. 'నువ్వు నోరు మెదపకు. ఆయన్ని అలాగే అనుకోనీ. దేవుడే పంపించాడు వాళ్ళని.'

ప్రవీణ్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. నిజంగానే నోరు మెదపక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, బడ్జెట్ గట్టెక్కుతుంది. తన కింద పనిచేసే ఎనిమిది మంది ఉద్యోగాలూ గట్టెక్కుతాయి.

అప్పుడు జనంలోంచి ధనరాజు ముందుకొచ్చాడు. అతను ప్రవీణ్ వంక చూడలేదు. లోపలి గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని, ఏం జరుగుతోందో కనబడక అటూ ఇటూ తల తిప్పుతున్న మాస్టారి వంక చూశాడు.

"మీరు కూడానాండీ మాస్టారూ?" అన్నాడు. "మీ చేత అక్షరాలు దిద్దించుకున్నోణ్ణి. నా చెరువులు పోతాయని తెలిసి కూడా పొద్దుట నాతో నవ్వుతా మాటాడేరు. ఒక్క ముక్క ముందుగా చెప్పలేకపోయేరా?"

తలుపు మీది మాస్టారి చెయ్యి జారింది. లీలావతి గారు వచ్చి ఆయన భుజం పట్టుకున్నారు.

ప్రవీణ్ ఫోన్ బోర్లా పెట్టేసి లేచి నిలబడ్డాడు.

"సార్, క్షమించాలి" అన్నాడు తెర వైపు తిరిగి, గోడ మూల సిగ్నల్ దగ్గర అరిచినంత గట్టిగా. "వీళ్ళు మీ సైటు మనుషులు కారు. ఇది మా అత్తగారి ఊరు, రాజోలు దగ్గర. మీ ఫ్యాక్టరీకీ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు." తర్వాత జనం వైపు తిరిగాడు. "ధనరాజు గారూ, ఫ్యాక్టరీ ఒడిశాలోనండీ! ఇక్కడ కాదు. పెరట్లో వేస్తున్నది బోరు. మంచినీళ్ళ బోరు. మావయ్యగారికి ఏమీ తెలియదు. ఫ్యాక్టరీ ఎక్కడో కూడా ఆయనకి తెలియదు."

తెర మీద రాజేంద్రప్రసాద్ గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

"సముద్రం వార అన్నారు కదండీ?" అన్నాడు ధనరాజు నెమ్మదిగా.

"ఏదో ఒకటి చెప్పాలని అన్నాన్రా" అన్నారు మాస్టారు. "నీ ముందు తెలియదనడానికి నామోషీ వేసింది."

"మరి నూటయాభై?" అన్నాడు శ్యామ్ బాబు వెనకనుంచి.

"అడుగులండీ!" అన్నాడు ప్రవీణ్.

ముందుగా ఎవరు నవ్వారో తెలియదు. దుర్గాదేవి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది. ఆవిడ వెనకున్న పన్నెండు మందీ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ధనరాజు గోడకానుకుని, చెరువుల్లో నిన్ననే వదిలిన రొయ్యపిల్లలు తలపుకొచ్చాయో ఏమో, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్క నిమిషం" అంది తెర.

అందరూ అటు తిరిగారు. విజయ్ కుమార్ గారు కుర్చీలో ముందుకు వంగి, ఆ గదిలోని మొహాలన్నిటినీ ఒక్కొక్కటే చూస్తున్నారు.

"అంటే మీ ఊరికి ఫ్యాక్టరీ రావడం లేదు."

"లేదండి" అన్నాడు ప్రవీణ్.

"రాని ఫ్యాక్టరీకి, రెండు మూడు గంటల్లో, ఇంత మంది వచ్చారు."

"బయట ఇంకా ఉన్నారండీ" అంది దుర్గాదేవి, లెక్క తక్కువ పడకూడదని.

"మరి వచ్చే ఫ్యాక్టరీకి అక్కడ ఎంత మంది వస్తారు?"

ఆయన దుర్గాదేవి వంక చూసి, "అమ్మా, ఒకవేళ నిజంగానే కట్టేదుండి, ఎవరైనా ముందే మీ దగ్గరికి వచ్చి కూర్చుని చెప్పుంటే ఏం చేసేవారు?" అని అడిగారు.

దుర్గాదేవి ఆలోచించింది. "కాఫీ ఇచ్చేవోళ్ళమండీ" అంది. "ఆనక దెబ్బలాడేవోళ్ళం. అయినా కాఫీ తాగినోళ్ళతో మరీ ఇంత గట్టిగా దెబ్బలాడలేం గదండీ."

విజయ్ కుమార్ గారు కలం తీశారు. "ప్రవీణ్, పద్దెనిమిదీ ఉంచండి. మట్టి, నీళ్ళు, అన్నీ. ఆ జనంతో మాట్లాడే పద్దు మాత్రం సరిపోదు, రెట్టింపు చేసి పంపండి. ఇంకోటి, నువ్వు ఇందాక ఊరుకుని ఉంటే నేను ఒప్పేసుకునేవాణ్ణి, తెలుసా?"

"తెలుసండీ."

"అందుకే అక్కడికి మాట్లాడ్డానికి నువ్వే వెళ్ళు" అని ఆయన గడిలోంచి మాయమయ్యారు.

మరుక్షణం బాస్ ఫోన్ వస్తే ప్రవీణ్ గోడ మూలకు పరిగెత్తాడు. "గట్టెక్కాం కదయ్యా!" ఆయన గొంతులో ఊపిరి ఇంకా కుదుటపడలేదు. "అన్నట్టు, నేను పంపిన మెసేజ్ నువ్వు చూశావా?"

"లేదు సార్. ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదు."

"మంచిదే. చెరిపేస్తున్నాను" అన్నారు బాస్.

ధనరాజు మాస్టారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు తడుముకుంటూ అతని చెయ్యి దొరికించుకున్నారు.

"ఇందాక నల్లగా ఎవరో నిలబడ్డారనే తెలిసిందిరా. గొంతు వింటే నువ్వు."

"నోరు జారేనండీ. తప్పైపోయింది."

"తప్పు నాది కూడా ఉంది. కూర్చో" అన్నారు మాస్టారు. ఆయన పక్కన ధనరాజు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

పెరట్లోంచి మేస్త్రి కేక వేశాడు. నీళ్ళు పడ్డాయి, తియ్యగా ఉన్నాయి. వీధిలోని నలభై మందీ పెరట్లోకి వెళ్ళి తలా ఒక దోసెడు తాగి, బాగున్నాయని తీర్మానించారు. రెబెకా మజ్జిగ కలిపి అందరికీ ఇచ్చింది. లీలావతి గారు రొయ్యల ఇగురు ఇంత మందికి సరిపోదని గిన్నె మీద మూతపెట్టి, దాని మీద ఇంకో మూతపెట్టి వచ్చారు. ప్రవీణ్ వసారా మెట్టు మీద కూర్చుని రెండో గ్లాసు మజ్జిగ అందుకున్నాడు.

టెంటు విప్పుతూ అయ్యప్ప అడిగాడు. "అల్లుడుగారూ, ఆ ఒడిశాలో ఉద్యోగాలు ఎన్నొత్తాయండీ?"

"ఆరు వందల దాకా రావచ్చండీ. రోడ్డు వేసి, ఆసుపత్రి కూడా కడతామంటున్నారు."

మజ్జిగ తాగుతున్న గ్లాసులు ఒకటి రెండు గాల్లోనే ఆగాయి.

"సముద్రం మనకీ ఉంది గదండీ" అన్నాడు అయ్యప్ప చివరికి. "మనల్ని ఒక మాటైనా అడగలేదేంటండీ?"

తమ ఊరిని కనీసం చూడనైనా చూడకుండా వదిలేసిన ఆ కంపెనీ మీద, ఇద్దరు ముగ్గురు కొంచెం కోపంగానే ఇళ్ళకు వెళ్ళారు.